హొరైజన్-202తో పనోరమా తీయడం ఎలా: డ్రమ్ము తిరిగే రష్యన్ కెమెరాల వాడకం

ఒకే ఫ్రేములో 120 డిగ్రీల దృశ్యం. కంప్యూటర్‌లో అతుకులు వేసే పని లేదు, బ్యాటరీ అక్కర్లేదు. మాస్కో శివారు క్రాస్నోగోర్స్క్‌లోని మెకానికల్ ఫ్యాక్టరీ దశాబ్దాల పాటు ఇలాంటి కెమెరాలు తయారు చేసింది. మొదటిది ఎఫ్‌టీ-2, 1958లో వచ్చింది. దాన్ని రూపొందించిన ఫ్యోదోర్ తొకరెవ్ అసలు తుపాకుల ఇంజనీరు. సోవియట్ సైన్యం వాడిన టీటీ పిస్తోలు ఆయనదే. 1967లో హొరైజాంట్, 1980ల చివర్లో హొరైజన్-202 వచ్చాయి. ఊరేగింపు, బహిరంగ సభ, నది ఒడ్డు, ఫ్యాక్టరీ ఆవరణ, ఇలా మామూలు లెన్సులో ఇమడని వాటిని ఒక్క నొక్కుతో పట్టగలగడం ఈ మూడింటి ప్రత్యేకత.

మొదలుపెట్టేవాళ్లకు మా సలహా హొరైజన్-202. కింద చెప్పినదంతా దాన్ని దృష్టిలో పెట్టుకునే. మిగతా రెండింటికి తేడా వచ్చేచోట విడిగా చెబుతాం.

ముందు లోపల జరిగేది తెలుసుకోండి

మామూలు కెమెరాలో షట్టర్ తెరుచుకుని మూసుకుంటుంది. ఇందులో లెన్సే ఒక చిన్న డ్రమ్ములో కూర్చుని పక్కకు తిరుగుతుంది. వెనక ఫిల్మ్ బల్లపరుపుగా ఉండదు, డ్రమ్ము చుట్టూ విల్లులా వంగి ఉంటుంది. డ్రమ్ము వెనక ఉన్న సన్నని నిలువు చీలిక ఫిల్మ్ మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు పాకుతూ వెలుగు పోస్తుంది. లెన్సు 28 మి.మీ., ఎఫ్/2.8 (వెలుగు వచ్చే రంధ్రం, అంటే అపర్చర్, ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది). నెగటివ్ 24×58 మి.మీ. 36 ఫ్రేముల రోల్‌లో 21, 22 పనోరమాలు వస్తాయి.

దీని నుంచి మూడు సంగతులు తేలతాయి. ఒకటి, ఫోకస్ మార్చలేరు. తిరిగేటప్పుడు బొమ్మ ఫిల్మ్ మీద జారకుండా ఉండాలంటే లెన్సుకూ ఫిల్మ్‌కూ మధ్య దూరం మారకూడదు, అందుకే ఫోకస్‌ను ఫ్యాక్టరీలోనే స్థిరం చేశారు. రెండు, షట్టర్ వేగాన్ని 1/60, 1/125, 1/250 సెకన్ల మధ్య మారిస్తే మారేది చీలిక వెడల్పే గానీ డ్రమ్ము వేగం కాదు. నెమ్మది వరుసలోని 1/2, 1/4, 1/8 కూడా అంతే. వాటికి డ్రమ్ము మెల్లగా తిరుగుతుంది, మూడింటికీ ఒకే వేగంతో. మూడు, ఏ వేగం పెట్టినా ఫ్రేము ఎడమ అంచుకూ కుడి అంచుకూ మధ్య కాలం గడుస్తుంది. ఈ కెమెరాతో వచ్చే కష్టాలు, అందాలు చాలావరకు ఈ మూడో సంగతి నుంచే పుడతాయి.

కొనేటప్పుడు

ఖాళీ కెమెరాతోనే సగం పరీక్ష అయిపోతుంది. లివర్ లాగి, 1/250 దగ్గర పెట్టి, చెవి దగ్గర పట్టుకుని నొక్కండి. ఒకే తీరుగా సాగే ‘ర్ర్ర్’ శబ్దం రావాలి. మధ్యలో తడబాటు వినిపిస్తే డ్రమ్ము అక్కడ ఆగి ఆగి తిరుగుతోందన్నమాట. తర్వాత నెమ్మది వరుసకు మార్చి 1/2 దగ్గర నొక్కండి. డ్రమ్ము కొన్ని సెకన్ల పాటు నింపాదిగా తిరిగి చివరిదాకా వెళ్లాలి. సగంలో నిలిచిపోతే లోపలి గ్రీజు గట్టిపడింది. బాగుచేయించవచ్చు, కానీ ఆ ఖర్చును ధరలో తగ్గించి అడగండి. దాని మీద నూనె స్ప్రేలు మాత్రం కొట్టవద్దు. స్ప్రే కాస్తా లెన్సు మీదికి, అపర్చర్ రెక్కల మీదికి పాకుతుంది.

వెనక మూత తెరిచి ఫిల్మ్ ఆనుకునే వంపు పట్టాలను వేలితో తడిమి చూడండి. అక్కడ గరుకు తగిలితే ప్రతి ఫ్రేము మీదా పొడవునా గీత పడుతుంది. ఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) నీటిమట్టం బుడగ కనిపిస్తోందా, కింద బిగించే చేతిపిడి ఉందా అన్నవి కూడా చూడాలి. పిడి లేకపోతే కొనడం మానక్కర్లేదు గానీ, దాని అవసరం మొదటి రోల్‌లోనే తెలుస్తుంది.

హొరైజాంట్ కొంటుంటే ఫైండర్ ఉందో లేదో మొదట అడగండి. అది ఊడదీసే రకం కాబట్టి చాలా కెమెరాలకు పోయి ఉంటుంది, నీటిమట్టం ఉండేది దాంట్లోనే. ఎఫ్‌టీ-2కి దాని సొంత క్యాసెట్లు రెండూ ఉండాలి. మామూలు 35 మి.మీ. డబ్బా అందులో పట్టదు, చీకట్లో ఫిల్మ్‌ను ఆ క్యాసెట్‌లోకి మార్చుకోవాలి. క్యాసెట్లు లేని ఎఫ్‌టీ-2 అలమారలో పెట్టుకోవడానికే పనికొస్తుంది.

ఫిల్మ్ ఎక్కించడం

కొత్తవాళ్ల మొదటి రోల్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. తొందరపడకండి.

1. నీడలోకి వెళ్లి వెనక మూత తెరవండి. రివైండ్ మీటను పైకి లాగి, రోల్‌ను ఎడమ గదిలో పెట్టి, మీటను మళ్లీ కిందికి దించండి.

2. ఫిల్మ్ కొసను బయటికి లాగి, ఎడమ పక్కనున్న రోలర్ కిందుగా దూర్చండి. అక్కడి నుంచి వంపు పట్టాల మీదుగా కుడి పక్కకు తెచ్చి, అక్కడి రోలర్ కిందుగా కూడా దూర్చి, చుట్టుకునే స్పూలుకు తగిలించండి. రెండు రోలర్లూ ఫిల్మ్‌కు పైన, అంటే మీ వైపు ఉండాలి. ఫిల్మ్ రోలర్ల మీదుగా పోతే వంపుకు ఆనదు. మూత పడుతుంది, లివర్ తిరుగుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. కడిగాక చూస్తే ఫ్రేములన్నీ అలుక్కుపోయి ఉంటాయి.

3. మూత వేయకుండానే లివర్ ఒకసారి లాగి చూడండి. పళ్లు ఫిల్మ్ రంధ్రాల్లో రెండు అంచులా కూర్చున్నాయా? ఫిల్మ్ వంపుకు బిగుతుగా అతుక్కుందా? మధ్యలో ఉబ్బు కనిపిస్తే రివైండ్ మీటను మెల్లగా వెనక్కి తిప్పి బిగించండి.

4. మూత వేసి, రెండు ఖాళీ ఫ్రేములు నొక్కండి. లివర్ లాగినప్పుడల్లా రివైండ్ మీట కూడా తిరుగుతుండాలి. తిరగకపోతే ఫిల్మ్ కదలడం లేదు. మళ్లీ తెరిచి చూడండి.

లివర్ గట్టిగా తగిలితే బలవంతంగా లాగవద్దు. రోల్ అయిపోయి ఉండొచ్చు, లేదా రంధ్రాలు చిరిగి ఉండొచ్చు. డ్రమ్ము తిరుగుతున్నప్పుడు దాన్ని వేలితో ఆపడం, ఆ సమయంలో వేగం మీటలు కదపడం రెండూ గేర్లకు ప్రమాదం.

వెలుతురు లెక్క

కెమెరాలో మీటర్ లేదు. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ చాలు. కానీ 120 డిగ్రీల్లో ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ ఉండటం మామూలే, కాబట్టి ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా కొలవండి. నెగటివ్ ఫిల్మ్ అయితే నీడ పక్కకు దగ్గరగా పెట్టండి. ఎక్కువ వెలుగును నెగటివ్ తట్టుకుంటుంది, తక్కువైతే నీడలో ఏమీ మిగలదు.

మీటర్ లేకుండా మిట్టమధ్యాహ్నపు ఎండలో తీయాలంటే ఐఎస్‌ఓ (ఫిల్మ్ వెలుగును పట్టే వేగం) 100 ఫిల్మ్‌కు ఎఫ్/16, 1/125. ఐఎస్‌ఓ 400కి ఎఫ్/16, 1/250. రెండోది సుమారు మూడింట రెండు వంతుల స్టాపు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం కావడం) ఎక్కువే అవుతుంది గానీ నెగటివ్‌కు నష్టం లేదు. పలుచని మబ్బుకు ఒక స్టాపు తెరవండి.

ఒక చిక్కుంది. 1/60 తర్వాత నేరుగా 1/8కి దూకాలి, 1/30, 1/15 లేవు. సాయంత్రం ఎఫ్/4, 1/60 కూడా చాలనప్పుడు ఎఫ్/2.8కి తెరవగలరు, ఆ తర్వాత చేతిలో పట్టుకుని తీయడం కుదరదు. సంధ్యవేళ పని ఉందని తెలిస్తే ఐఎస్‌ఓ 400 ఫిల్మ్ వేసుకోండి, లేదా ట్రైపాడ్ తీసుకెళ్లండి.

హొరైజాంట్‌లో 1/30, 1/60, 1/125 ఉంటాయి. ఎఫ్‌టీ-2లో అపర్చర్ ఎఫ్/5 దగ్గర స్థిరంగా ఉంటుంది, వేగాలు 1/100, 1/200, 1/400 మాత్రమే. అప్పటి సోవియట్ ఫిల్ములు నెమ్మదివి కాబట్టి ఎండలో 1/400 సరిపోయేది. ఇవాళ ఐఎస్‌ఓ 400 ఫిల్మ్ వేస్తే మూడు స్టాపులకు పైగా మించిపోతుంది. దానికి ఐఎస్‌ఓ 50 గానీ, 100 నెగటివ్ గానీ వాడండి.

లోతు, అంటే ఎంత దూరం నుంచి స్పష్టంగా వస్తుందన్న విషయానికొస్తే, ఎఫ్/2.8 దగ్గర సుమారు 5 మీటర్లకు ఇవతల ఉన్నవి మెత్తబడతాయి. ఎఫ్/16 దగ్గర రెండు మీటర్ల నుంచి కూడా స్పష్టంగా వస్తాయి. ముందు భాగంలో మనిషి ఉంటే ఎఫ్/11 కన్నా తెరవవద్దు.

మట్టం

ఈ కెమెరాతో మంచి ఫోటోకూ చెడ్డ ఫోటోకూ తేడా ఎక్కువగా ఫైండర్‌లోని ఆ చిన్న బుడగ దగ్గరే తేలుతుంది. కెమెరా పూర్తిగా మట్టంగా ఉంటే దిగంతం సరళరేఖలా, ఫ్రేముకు సరిగ్గా మధ్యలో వస్తుంది. కొంచెం పైకి ఎత్తితే దిగంతం పళ్లెంలా మధ్యలో కిందికి కుంగుతుంది. కిందికి దించితే గుట్టలా మధ్యలో లేస్తుంది. ఎంత అంటారా? 5 డిగ్రీలు వంచితే నెగటివ్ మీద మధ్యకూ అంచుకూ తేడా 1.2 మి.మీ. పైనే. అదే నెగటివ్‌ను 46 సెం.మీ. వెడల్పు ప్రింటు చేస్తే దాదాపు సెంటీమీటరు వంపు. సముద్రం ముందు నిలబడి తీస్తే అది వెంటనే కంటికి తగులుతుంది.

మట్టంగా పెడితే ఇంకో ఇబ్బంది. దిగంతం మధ్యలో ఉంటుంది కాబట్టి కింది సగం నేలే. కంటి ఎత్తు 1.5 మీటర్లు అనుకుంటే మూడున్నర మీటర్ల దూరం నుంచి నేల ఫ్రేములోకి వచ్చేస్తుంది. ఖాళీ తారురోడ్డు సగం ఫోటోను తినేస్తే దృశ్యం ఎంత పెద్దదైనా తేలిపోతుంది. దీనికి మందు కెమెరా వంచడం కాదు, చోటు మార్చడం. ముందు భాగంలో ఏదో ఒకటి ఉండేలా నిలబడండి: కూర్చున్న జనం, ధాన్యం రాశి, పడవ అంచు, మెట్లు. లేదా ఎత్తుకు ఎక్కండి. పత్రికల ఫోటోగ్రాఫర్లకు సభల్లో ఈ కెమెరా పనికొచ్చేది వేదిక అంచు నుంచో, లారీ మీద నుంచో తీసినప్పుడే. పిడి పట్టుకుని తలపైకి చాచి తీయడం కూడా కుదురుతుంది. అలాంటప్పుడు బుడగను కింద నుంచి చూడలేరు కాబట్టి రెండు, మూడు ఫ్రేములు తీయండి.

గీతలు ఎక్కడ వంగుతాయి

నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. అడ్డ గీతల్లో కంటి ఎత్తున ఉన్నదొక్కటే సూటిగా వస్తుంది. దానికి పైనున్నవి విల్లులా లేస్తాయి, కిందున్నవి కుంగుతాయి. కారణం తేలిక. మీ ఎదురుగా 10 మీటర్ల దూరంలో పొడవాటి గోడ ఉందనుకోండి. ఫ్రేము అంచున, అంటే 60 డిగ్రీల పక్కన, అదే గోడ 20 మీటర్ల దూరంలో ఉంటుంది. కాబట్టి అక్కడ సగం ఎత్తే కనిపిస్తుంది. విజయవాడలో కృష్ణ ఒడ్డున దిగువ నుంచి ప్రకాశం బ్యారేజీకి ఎదురుగా దగ్గరగా నిలబడి తీస్తే సూటి వంతెన కాస్తా కొండలా వంగుతుంది. దూరంగా వెళ్లినా, ఒక చివర దగ్గర నిలబడి వాలుగా తీసినా ఆ వంపు అంతగా కనబడదు.

కెమెరాను నిలువుగా తిప్పి గోపురం తీస్తే లెక్క తిరగబడుతుంది. అప్పుడు అడ్డ గీతలు సూటిగా ఉండి, నిలువు గీతలు మధ్యలో ఉబ్బుతాయి.

ఈ లెక్కను మీ వైపు తిప్పుకునే చోటు ఒకటుంది: బృంద చిత్రం. జనాన్ని సూటి వరుసలో నిలబెడితే మధ్యవాళ్లు పెద్దగా, చివరివాళ్లు మరుగుజ్జుల్లా వస్తారు. కెమెరా ఉన్నచోట ఒక మేకు పాతి, 5 మీటర్ల తాడు కట్టి, ముగ్గుపిండితో నేల మీద వంపు గీయండి. 120 డిగ్రీల మేర ఆ వంపు పొడవు పదిన్నర మీటర్లు. మనిషికి అర మీటరు చొప్పున ఒక వరుసలో 20 మంది నిలబడతారు. అందరూ కెమెరాకు సమాన దూరంలో ఉంటారు కాబట్టి ప్రింటులో అంతా ఒకే ఎత్తున, సూటి వరుసలో ఉన్నట్టే వస్తారు. రెండు అంచులా ఒక్కో మనిషి చోటు ఖాళీగా వదలండి. ఎఫ్/8 లేదా అంతకన్నా మూసి తీయండి.

పట్టుకోవడం, కదిలేవి తీయడం

చేతివేళ్లు ఫ్రేములో పడటం చాలామందికి జరుగుతుంది. 120 డిగ్రీలంటే కెమెరా ముందు ముఖం మీదికి వచ్చిన ఏ వేలైనా కనిపిస్తుంది. ఎడమచేత్తో కింది పిడి పట్టుకోండి, కుడి వేళ్లు పైనా వెనకా మాత్రమే ఉండాలి. మెడపట్టా ముందుకు వేలాడకుండా మణికట్టుకు చుట్టేయండి. సూర్యుడు వెనక నుంచి తక్కువ ఎత్తులో ఉంటే మీ నీడ కూడా ఫ్రేములోకి వస్తుంది.

నొక్కాక డ్రమ్ము ఆగిన చప్పుడు వినిపించేదాకా కదలవద్దు. నొక్కగానే చేయి దించితే ఫోటోలో ఒక పక్క నేల జారినట్టుంటుంది.

మీ కెమెరాలో డ్రమ్ము ఎటు నుంచి ఎటు తిరుగుతుందో 1/2 వేగం దగ్గర నొక్కి చూసి గుర్తుపెట్టుకోండి. డ్రమ్ము దిశలోనే పోయే బస్సు సాగినట్టు పొడవుగా వస్తుంది, ఎదురు దిశలో వచ్చేది కుదించుకుపోతుంది. 1/250 పెట్టినంత మాత్రాన ఇది తగ్గదు, ఎందుకంటే డ్రమ్ము వేగం మారలేదు. దూరంగా పోయే వాటిలో ఇది దాదాపు తెలియదు. ఊరేగింపులో నాలుగైదు మీటర్ల దగ్గర ఉన్నవాళ్లలో తెలుస్తుంది. వార్తకు వాడే ఫోటో అయితే జనం మీకు అడ్డంగా కాక మీ వైపు నడిచి వచ్చేలా చోటు చూసుకోండి.

ఫ్లాష్ గురించి ఆలోచించవద్దు. అది మెరిసిన క్షణంలో చీలిక ఎక్కడుంటే ఆ పట్టీ ఒక్కటే వెలుగుతుంది.

నిలువు చారలు వస్తే

నెగటివ్ మీద నిలువు చారలు కనిపిస్తే వెంటనే కెమెరాను నిందించకండి. చారలు మూడు రకాలు.

ఆరుబయట, ముఖ్యంగా ఆకాశంలో, ఎగుడుదిగుడు దూరాల్లో చారలుంటే అది డ్రమ్ము తడబాటు. డ్రమ్ము ఒక క్షణం నెమ్మదించిన చోట ఫిల్మ్‌కు ఎక్కువ వెలుగు తగిలి నెగటివ్‌లో నల్లగా, ప్రింటులో తెల్లగా వస్తుంది. 1/250 దగ్గర చీలిక సన్నం కాబట్టి ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 1/60 దగ్గర చీలిక వెడల్పు, తడబాటు అందులో కలిసిపోతుంది. కాబట్టి ఆకాశం ఎక్కువున్న ఫోటోలకు 1/60 గానీ 1/125 గానీ పెట్టి అపర్చర్ మూయండి. నెలల తరబడి వాడని కెమెరా అయితే ఫిల్మ్ వేసే ముందు ఖాళీగా పది, పదిహేను సార్లు నొక్కండి. గ్రీజు సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే మెకానిక్‌కు చూపించాల్సిందే.

లోపల, దీపాల కింద తీసినప్పుడు సమాన దూరాల్లో చారలు వస్తే అది కరెంటు. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద ట్యూబులైట్లు, చాలా ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గానీ పాకే చీలిక దాన్ని పట్టేస్తుంది. ఫంక్షన్ హాలులో ట్రైపాడ్ మీద 1/8 లేదా అంతకన్నా నెమ్మదిగా తీస్తే ఆ మినుకులన్నీ కలిసిపోయి చారలు మాయమవుతాయి.

మూడోది కెమెరాకు సంబంధం లేనిది. చారలు ఫిల్మ్ అంచు రంధ్రాల దగ్గర మొదలై, రంధ్రానికొకటి చొప్పున, అంటే 4.75 మి.మీ. దూరంలో ఉంటే, కడిగేటప్పుడు ట్యాంకును మరీ గట్టిగా ఊపారు. రసాయనం రంధ్రాల గుండా దూసుకెళ్లి అక్కడ ఎక్కువ పనిచేసింది.

ల్యాబ్, స్కానింగ్

రోల్ ఇచ్చేటప్పుడు కవరు మీద పెద్ద అక్షరాలతో రాయండి: ‘కడగడం మాత్రమే. కత్తిరించవద్దు.’ నోటిమాట చాలదు. ల్యాబ్ యంత్రాలు 36 మి.మీ. ఫ్రేములకు అలవాటు పడ్డవి. మామూలుగా ఆరేసి ఫ్రేముల చొప్పున కోస్తే మీ పనోరమాల్లో కొన్ని నడుం దగ్గర తెగుతాయి. ఆటోమేటిక్ స్కానింగ్ కూడా అంతే, ఒక్కో ఫోటోను ముక్కలుగా ఇస్తుంది.

ఇంట్లో లైట్ టేబుల్ మీద పెట్టి, ఫ్రేముల మధ్య ఖాళీ చూసుకుని, మూడేసి ఫ్రేముల చొప్పున మీరే కోసుకోండి. ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంటే మధ్యలో అడ్డుపట్టీలు లేని హోల్డర్‌లో పెట్టి, ఆటోమేటిక్ ఫ్రేము గుర్తింపు ఆపేసి, ఎంపికను చేత్తో గీయండి. 2400 డీపీఐ దగ్గర ఒక ఫ్రేము సుమారు 5480×2270 పిక్సెళ్లు వస్తుంది. 300 డీపీఐతో 46 సెం.మీ. వెడల్పు ప్రింటుకు ఇది చాలు. డిజిటల్ కెమెరా, మాక్రో లెన్సుతో కాపీ చేసేవాళ్లు నెగటివ్‌ను రెండు భాగాలుగా, మధ్యలో మూడోవంతు కలిసేలా తీసి అతికించుకోవచ్చు.

డార్క్‌రూమ్‌లో ప్రింటు వేయాలంటే 6×6 సెం.మీ. నెగటివ్‌ల ఎన్‌లార్జర్‌లో (నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రంలో) 58 మి.మీ. అంచులు కొంచెం తెగుతాయి, 6×9 అయితే నిశ్చింత. ఎఫ్‌టీ-2 నెగటివ్ పొడవు 110 మి.మీ., దానికి 4×5 అంగుళాల ఎన్‌లార్జర్ కావాలి.

దాచిపెట్టడం

లివర్ లాగి ఉంచి ఎప్పుడూ దాచవద్దు, స్ప్రింగ్ బిగుసుకుని ఉండిపోతుంది. వానాకాలంలో తోలు సంచిలో పెడితే లెన్సు మీద బూజు పట్టడం ఖాయం. తోలు తేమను పట్టుకుంటుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. పొట్లాల రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. సముద్రం ఒడ్డున వాడాక డ్రమ్ము చుట్టూ ఉన్న సందులో ఇసుక లేకుండా రబ్బరు బ్లోయరుతో ఊదండి. బ్రష్షుతో తోస్తే ఇసుక రేణువు లోపలికి పోతుంది. నెలకోసారైనా అన్ని వేగాల దగ్గరా ఒక్కోసారి ఖాళీగా నొక్కి మళ్లీ డబ్బాలో పెట్టండి.